ఉట్టికెగరలేనమ్మ

దీపావళి వెళ్ళిన నాలుగోరోజు పొద్దున్న, కాఫీల దగ్గర, "నేను గోడ దూకుదామనుకుంటున్నాను" అన్నాను.

మావారు పేపరు దించి, కళ్ళజోడు పైనుంచి నావంక చూశారు. ఆయన తప్పేం లేదు. మన భాషలో గోడ దూకడానికి రెండే అర్థాలున్నాయి. ఒకటి, ఎన్నికల ముందు నాయకులు చేసేది. రెండోది, ఇంట్లో పెళ్ళికి ఒప్పుకోకపోతే పిల్లలు చేసేది. యాభై మూడేళ్ళు వచ్చి, రాత్రిళ్ళు మోకాళ్ళకు నూనె రాసుకుని పడుకునే ఇల్లాలికి ఈ రెండింట్లో ఏదీ అతకదు.

"ఏ పార్టీలోకి?" అన్నారు చివరికి, మర్యాదగానే.

మా అమ్మాయి పక్కనే ఉండబట్టి వివరం చెప్పింది. వాళ్ళ ఆఫీసు పిల్లలు అయిదుగురు కలిసి ఊరవతల జరిగే పరుగుపందేనికి పేర్లిచ్చారట. మామూలు పరుగు కాదు. అయిదు కిలోమీటర్ల దూరంలో పదిహేను అడ్డంకులుంటాయి. గోడలెక్కాలి, వలలు పాకాలి, తాడు పట్టుకుని పైకి పోవాలి, బురదలో దేకాలి, ఇసుకబస్తా మోయాలి. అయిదుగురిలో ఒక పిల్లకు నిశ్చితార్థం కుదిరి మానుకుంది. "ఆ చోటులో మా అమ్మని తెస్తాలే" అని మా అమ్మాయి వేళాకోళానికి అంది. నేను వేళాకోళంగా తీసుకోలేదు. అదే వచ్చిన చిక్కు.

వరండాలో వత్తులు చేసుకుంటున్న మా అత్తగారు దూదిలోంచి తలెత్తకుండానే, "ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగురుతానందట" అన్నారు.

నాకు కోపం రాలేదు. నేను గోడ దూకాలనుకున్నది ఆవిడ కోసమే. ఆ సంగతి ఆవిడకు చెప్పలేదు. మీకు చెబుతాను.

శ్రావణమాసంలో ఒక మంగళవారం, మావారు ఆఫీసుకు వెళ్ళాక, మా అత్తగారు స్నానాలగదిలో జారిపడ్డారు. ఆవిడకు ఎనభై ఒకటి. బరువు నలభై ఆరు కిలోలు. చప్పుడు విని పరుగెత్తాను. గోడకు చేరగిలబడి, కాళ్ళు చాపుకుని కూర్చుని ఉన్నారు. దెబ్బ పెద్దది కాదు, ఎముకలేం విరగలేదని తరవాత ఎక్స్‌రేలో తేలింది. కానీ ఆ క్షణాన నాకవేం తెలియవు. చంకల కింద చేతులు వేసి ఎత్తబోయాను. లేవలేదు. చేతులు పట్టుకుని లాగాను. ఆవిడ "అమ్మా" అన్నారు. మళ్ళీ చంకల కింద పట్టుకున్నాను. తడినేల మీద నా కాలే జారింది. చివరికి నేనూ ఆవిడ పక్కన ఆ నీళ్ళలోనే కూర్చుండిపోయాను. ఇద్దరం అత్తాకోడళ్ళం, ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకుంటూ. పాతికేళ్ళు పూజకు పువ్వులు కోసిపెట్టి, పచ్చళ్ళజాడీలు దింపి, పండగలకు పాతికమందికి వండి వార్చినదాన్ని, నలభై ఆరు కిలోల మనిషిని లేపలేకపోయాను.

ఇరవై నిమిషాలకు వాచ్‌మన్ భార్య వచ్చింది. చెంగు దోపుకుంది, ఒక్క ఊపున గడ్డిమోపు ఎత్తినట్టు ఎత్తి మంచం మీద పడుకోబెట్టింది. ఆమెదీ దాదాపు నా వయసే.

అత్తగారు ఆ రోజు సంగతి ఎవరి దగ్గరా ఎత్తలేదు. నన్నొక్క మాటా అనలేదు. కాకపోతే వారం తిరిగేసరికి నేనొకటి కనిపెట్టాను. ఆవిడ తలదగ్గర రాత్రి పెట్టే మరచెంబు పొద్దున్న నిండుగానే ఉంటోంది. అన్నంలోకి చారు తగ్గించేశారు. సాయంత్రం కాఫీ మానేశారు. రాత్రి లేవాల్సివస్తే స్నానాలగదికి వెళ్ళాలి, వెళితే పడతానేమో, పడితే ఎత్తేవాళ్ళెవరు? అందుకని దాహమే మానుకున్నారు. ఇది ఆవిడ చెప్పింది కాదు. నిండు మరచెంబు చెప్పింది.

ఎక్స్‌రే చూసిన డాక్టరుగారిని ఊరుకోలేక అడిగాను. "నేను రోజూ పొద్దున్న నలభై నిమిషాలు నడుస్తానండీ. మరి ఎందుకు ఎత్తలేకపోయాను?"

ఆయన నవ్వారు. "నడక గుండెకు మంచిదమ్మా. బరువెత్తాలంటే బరువెత్తడమే అలవాటు కావాలి" అన్నారు. ముప్ఫైలు దాటాక అందరికీ కండ మెల్లిమెల్లిగా తగ్గుతుందట. ఆడవాళ్ళకు ముట్లు ఆగాక ఎముకల్లో పటుత్వం కూడా జోరుగా తగ్గుతుందట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క ప్రకారం పెద్దవాళ్ళు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒంటికి పనిచెప్పడంతోపాటు, కనీసం రెండురోజులు కండకు బలం వచ్చే పని చేయాలి. నేను మొదటి సగం చేసి, రెండో సగం వాచ్‌మన్ భార్యకు వదిలేశానన్నమాట. ఆవిడ రోజూ మూడంతస్తులకు నీళ్ళ క్యాన్లు మోస్తుంది.

సరే, కండ పెంచుకోవాలి. కానీ ఊరికే డంబెల్స్ ఎత్తమంటే మనకు నాలుగురోజులకే విసుగు పుడుతుంది. నెత్తిమీద ఒక తారీకుంటే తప్ప పని జరగదు. పెళ్ళి ముహూర్తం పెడితేనే కదా ఇంటికి సున్నం పడేది! అందుకని గోడ దూకడానికి పేరిచ్చాను. పధ్నాలుగు వారాల గడువు, మాఘమాసంలో ఒక ఆదివారం.

ఈ పిచ్చి ఎవరు కనిపెట్టారా అని తీరిగ్గా చదివాను. ఇంగ్లండులో వుల్వర్‌హాంప్టన్ దగ్గర ఒక పొలంలో 1987లో ఒక మాజీ సైనికుడు 'టఫ్ గై' అనే పేరుతో మొదలుపెట్టాడు. అదీ చలికాలంలో, బురదలో. 2010లో అమెరికాలో టఫ్ మడ్డర్, స్పార్టన్ రేస్ అని రెండు బయలుదేరాయి. స్పార్టన్‌లో చిన్నది 5 కిలోమీటర్లు, 20 అడ్డంకులు. ఇంకొకటి 21 కిలోమీటర్లు, 30 అడ్డంకులు. మన దేశంలో 2012 నుంచీ డెవిల్స్ సర్క్యూట్ పేరుతో ఊరూరా పెడుతున్నారు. చివరికిది ఒలింపిక్స్ దాకా పాకింది. 1912 నుంచీ ఉన్న మోడర్న్ పెంటాథ్లాన్‌లో గుర్రపుస్వారీ ఒక భాగం కదా. టోక్యో పోటీల్లో, 2021లో, ఒక గుర్రం దూకనని మొరాయిస్తే శిక్షకురాలు దాన్ని గుద్దింది. పెద్ద రభస అయింది. పారిస్ 2024తో గుర్రాన్ని సాగనంపి, 2028 లాస్ ఏంజెలిస్ పోటీల నుంచి దాని స్థానంలో ఈ అడ్డంకుల పరుగు పెట్టాలని నిర్ణయించారు. "గుర్రం దూకనంటే మనుషుల్ని దూకమన్నారన్నమాట" అన్నారు మావారు.

ఇంకా వెనక్కి వెళితే జార్జ్ ఎబేర్ అని ఒక ఫ్రెంచి నౌకాదళాధికారి ఉన్నాడు. 1902లో మార్టినిక్ దీవిలో అగ్నిపర్వతం బద్దలై సెయింట్ పియర్ పట్టణం మొత్తం బూడిదయింది. అక్కడ జనాన్ని తప్పించే పనిలో ఆయన కూడా ఉన్నాడని చెబుతారు. తరవాత ఆయన నావికులకు పరుగు, గెంతడం, ఎక్కడం, మోయడం, పాకడం నేర్పే పద్ధతి ఒకటి తయారుచేశాడు. బలం అనేది అద్దంలో చూసుకోవడానికి కాదు, ఎవరికైనా పనికిరావడానికి అన్నది ఆయన సిద్ధాంతం. అది చదివినప్పుడు మాత్రం నాకు మా స్నానాలగదే గుర్తొచ్చింది.

నాకు నేర్పడానికి మా అమ్మాయి స్నేహితురాలు ఒకమ్మాయి కుదిరింది. కాలేజీలో కబడ్డీ ఆడిన పిల్ల. మాటలు తక్కువ. మొదటిరోజు మా కాలనీ పార్కులో పిల్లలు వేలాడే ఇనుపకడ్డీ దగ్గరికి తీసుకెళ్ళి, "వేలాడండి ఆంటీ" అంది.

"వేలాడి?"

"అంతే. వేలాడడమే."

నాలుగంటే నాలుగు క్షణాలు వేలాడాను. భుజాలు ఊడిపోయాయనుకున్నాను. "ఫర్వాలేదు, రోజూ ఒక్కో క్షణం పెంచుదాం" అంది ఆ పిల్ల. గోడైనా తాడైనా నిచ్చెనైనా, ముందు మన బరువును మన పిడికిలి మోయాలట. పరుగుకు కూడా అదే లెక్క. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, ఇలా ఎనిమిదిసార్లు. మాట్లాడుతూ పరుగెత్తగలిగితే సరైన వేగం అన్నమాట. మాట్లాడమంటే మనకేం కొదవ? మొదటివారంలోనే ఆ పిల్లకు మా ఆడపడుచు పెళ్ళి ముచ్చట్లన్నీ చెప్పేశాను.

కాలనీలో మాటలు పడ్డాను. కూరగాయలబండి అతను నేను పరుగెత్తడం చూసి, "ఏమైందమ్మగారూ, ఎవరైనా గొలుసు తెంపుకుపోయారా?" అని తనూ నాలుగడుగులు పరుగెత్తాడు, పాపం. ఎదురింటావిడ, "బరువు తగ్గడానికా? జీలకర్ర నీళ్ళు తాగండి" అంది. బరువు తగ్గడానికి కాదండీ, బరువెత్తడానికి అన్నాను. ఆవిడకు అర్థమైనట్టు లేదు.

ఇంట్లో చేయాల్సినవి వేరే ఉన్నాయి. నేలమీద దండీలు తీయలేను కాబట్టి వంటింటి గట్టు పట్టుకుని వాలి తీయడం. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, పదేసి చొప్పున మూడుసార్లు. రెండు చేతులతో రెండు అయిదేసి కిలోల బియ్యం సంచులు పట్టుకుని, హాలుకు ఈ చివర నుంచి ఆ చివరకు నడవడం. బోర్లాపడుకుని మోచేతుల మీద పాకడం. ఇది భోజనాలబల్ల కింద చేసేదాన్ని. మూడోనాడు ఆ బల్లకింద, రెండేళ్ళక్రితం పోయిన నా దుద్దు శీల దొరికింది. అప్పుడు పనిమనిషిని అనుమానించి సాధించినందుకు సిగ్గుపడి, ఆమె రాగానే చెప్పేశాను. "నేను ఊడుస్తూనే ఉన్నానమ్మా, అదెట్ట దాక్కుందో" అంది. ఆమె పెద్దమనసు.

ఒకనాడు మా అమ్మాయి, స్పార్టన్ పోటీల్లో ఏదైనా అడ్డంకి దాటలేకపోతే వెనకటికి ముప్ఫై బర్పీలు శిక్ష వేసేవాళ్ళని చెబుతోంది. అత్తగారి చెవిన పడింది.

"ఓడిపోయినవాళ్ళకి ముప్ఫై బర్ఫీలా? బాగానే ఉందే పోటీ! నెగ్గినవాళ్ళకేం పెడతారో?"

బర్ఫీ కాదు అత్తయ్యా, బర్పీ అని చేసి చూపించాను. గొంతుక్కూచుని, చేతులు నేలకానించి, కాళ్ళు వెనక్కి తన్ని, ఒక దండీ తీసి, మళ్ళీ కాళ్ళు లాక్కుని, పైకెగరాలి. రాయల్ బర్పీ అని అమెరికా శరీరశాస్త్రజ్ఞుడు 1930లలో ఒంటి దిట్టతనాన్ని పరీక్షించడానికి దీని తొలిరూపాన్ని కనిపెట్టాడు. ఆయన తీయమన్నవి నాలుగే నాలుగు. ముప్ఫై చేసింది తరవాతివాళ్ళు.

అత్తగారు శ్రద్ధగా చూశారు. "ఇందులో కొత్తేముందే? ఒక దండీ, ఒక బస్కీ. మా విజయనగరంలో మా నాన్నగారు రోజూ తీసేవారు" అన్నారు. విజయనగరం అనగానే కోడి రామమూర్తిగారు (1882-1942) రాక తప్పదు. ఉక్కుగొలుసులు ఛాతీతో తెంచడం, గుండెలమీద ఏనుగును నిలబెట్టుకోవడం, చిన్నప్పుడు వాళ్ళ నాన్నగారు కళ్ళారా చూశారట. ఆ కథ ఆవిడ నోట నేను వందసార్లు విన్నాను. ఈసారి మాత్రం చివర ఒక వాక్యం కొత్తగా వచ్చింది. "మా అన్నయ్యలకు దండీలు నేర్పారు. నన్ను మాత్రం కిటికీలోంచి చూడమన్నారు."

ఆ సాయంత్రం నుంచి నేను గట్టు దగ్గర దండీలు తీస్తుంటే ఆవిడ లెక్కపెట్టడం మొదలుపెట్టారు. తొమ్మిది తరవాత మళ్ళీ ఎనిమిది అనేవారు. మొదట మతిమరుపనుకున్నాను. కాదు, సరిగ్గా కిందకు వాలలేదని శిక్ష.

కడ్డీలు ఒకదాని తరవాత ఒకటి పట్టుకుంటూ పోయేదాన్ని 'మంకీ బార్స్' అంటారు. మన కోతికొమ్మచ్చే. షికాగో దగ్గరి సెబాస్టియన్ హింటన్ అనే వకీలు ఇలాంటి ఎక్కుడుచట్రానికి 1920లలో పేటెంటు తీసుకున్నాడు. ఆయన చిన్నప్పుడు లెక్కల పండితుడైన తండ్రి, పిల్లలకు నాలుగో పరిమాణం బోధపరచాలని వెదుళ్ళతో ఒక చట్రం కట్టించాడట. పిల్లలకు నాలుగో పరిమాణం బోధపడలేదు గానీ, ఎక్కి ఆడుకోవడం బాగా నచ్చింది. నాకు రెండో కడ్డీయే బోధపడలేదు. చేతులు బొబ్బలెక్కాయి. రాత్రి అత్తగారు నా అరచేతులకు వెన్న రాస్తూ, "అట్లకాడ పట్టుకునే చేతులే ఇవి" అన్నారు. మందలింపో, మెచ్చుకోలో తెలియలేదు.

తాడు దగ్గర మాత్రం నాకొక సులువు దొరికింది. చేతులతో లాక్కుంటూ పోవాలనుకుని మొదట్లో మూడడుగులకే జారిపోయేదాన్ని. "చేతులతో కాదు ఆంటీ, కాళ్ళతో ఎక్కాలి" అంది కబడ్డీ పిల్ల. తాడును ఒక పాదం మీదుగా పోనిచ్చి, రెండో పాదంతో తొక్కిపట్టి, దానిమీద లేచి నిలబడాలి. చేతులు ఊరికే పట్టుకోవడానికే. మా పుట్టింటివైపు కోనసీమలో కొబ్బరిచెట్లెక్కి దింపు తీసేవాళ్ళు కాళ్ళకు తాడు వేసుకుని ఎక్కడం చిన్నప్పుడు ఎన్నిసార్లు చూశాను! ఇన్నేళ్ళూ వాళ్ళు చేతులతో ఎక్కుతున్నారనే అనుకున్నాను.

పన్నెండోవారానికి నాలుగు క్షణాల వేలాట నలభై అయింది. ఆగకుండా మూడు కిలోమీటర్లు పరుగెత్తాను. వేగం మాత్రం అడగకండి, కూరగాయలబండి నన్ను దాటిపోయేది.

పోటీకి ముందురోజు అసలు ధర్మసంకటం వచ్చిపడింది. గాజులు తీసేయాలి, చెవులవి తీసేయాలి, సరే. నూలు బట్టలు తడిస్తే బరువెక్కుతాయని నైలాను బట్టలు కొన్నాను, సరే. మెళ్ళో సూత్రాల మాటేమిటి? ముళ్ళతీగ కింద పాకాలి, వలలు ఎక్కాలి. ఎక్కడైనా చిక్కుకుంటే మెడకే ప్రమాదం. తీయాలంటే చేతులు రావు. మావారిని అడిగితే, "నీ ఇష్టం" అన్నారు. ఆ మాట ఎందుకూ పనికిరాదని మీకూ తెలుసు. చివరికి అత్తగారి దగ్గరికి వెళ్ళాను.

ఆవిడ క్షణం ఆలోచించారు. "మెళ్ళో ఒక పసుపుదారం పల్చగా కట్టుకో, లాగితే తెగేలా. సూత్రాలు తీసి దేవుడి దగ్గర పెట్టు. వాడికేం కాదు, వాణ్ణి కన్నదాన్ని నేను చెబుతున్నాను" అన్నారు. ఆవిడే మందిరంలో పళ్ళెం పెట్టి, అందులో నా సూత్రాలు పెట్టి, పైన ఒక మందారం ఉంచారు.

ఆదివారం తెల్లవారుజామున చలి. ఊరి బయట మైదానంలో వందలమంది, అందరూ మా అమ్మాయి ఈడువాళ్ళే. నా నంబరు చీటీ చూసి ఒక కుర్రాడు, "ఆంటీ, ప్రేక్షకులు అటువైపు" అన్నాడు. బహుమతుల కోసం పరుగెత్తేవాళ్ళు వేరు. మాలాంటివాళ్ళు చేతకాని అడ్డంకిని వదిలేసి పక్కనుంచి పోవచ్చు. ముందే చెబుతున్నాను, పదిహేనింట్లో నేను మూడు వదిలేశాను. మంకీ బార్స్‌లో మూడో కడ్డీ దగ్గర చెయ్యి జారి కింద నీళ్ళలో పడ్డాను. నా జీవితంలో అంత పెద్ద చప్పుడు చేస్తూ ఎక్కడా పడలేదు. మంచుగడ్డల నీళ్ళలో ఒక కాలు పెట్టి, దణ్ణం పెట్టి వచ్చేశాను. ఇంకొకటి చెప్పను.

ఇసుకబస్తా మాత్రం చులాగ్గా మోశాను. కుర్రాళ్ళు దాన్ని ముందు పెట్టుకుని వంగిపోతుంటే, నేను నిండుబిందె ఎత్తుకున్నట్టు భుజానికెత్తుకున్నాను. చిన్నప్పుడు చెరువునుంచి తెచ్చిన నీళ్ళన్నీ ఆవేళ అక్కరకొచ్చాయి.

ఇక గోడ. ఎనిమిదడుగులు. నునుపైన చెక్క. ఎగిరితే వేళ్ళు అంచుకు అందుతున్నాయి, ఒళ్ళు పైకి రావడం లేదు. పధ్నాలుగు వారాలు వేలాడాను కాబట్టి వేలాడుతున్నాను, అంతే. రెండుసార్లు దిగాను. మా అమ్మాయి అప్పటికే అవతలికి వెళ్ళిపోయింది. వెనక వరస పెరుగుతోంది. ఒక కుర్రాడు, ఎవరి బిడ్డో, గోడవారన ఒక మోకాలు నేలకానించి కూర్చున్నాడు. రెండో మోకాలు మెట్టులా పెట్టి, "ఆంటీ, దీనిమీద కాలు పెట్టండి. తరవాత నా భుజం మీద" అన్నాడు.

పరాయి మనిషిని కాలితో తొక్కడమా? కాలు తగిలితేనే కళ్ళకద్దుకునే పెంపకం మనది. నేను నిలబడిపోయాను. "పర్లేదు ఆంటీ, ఇందాక నన్నూ ఇంకొకళ్ళు ఎక్కించారు" అన్నాడు. వంగి, అతని భుజం తాకి కళ్ళకద్దుకుని, బురదకాలు అతని మోకాలిమీద పెట్టాను. తరవాత భుజం. లేచి నిలబడ్డాను. గోడ అంచు నా నడుముకొచ్చింది. ఎవరూ నా చేతులు పట్టుకుని లాగలేదు. నా కాళ్ళమీద నేనే లేచాను.

పైన ఒక కాలు అటు, ఒక కాలు ఇటు వేసుకుని కూర్చున్నాను. గోడమీది పిల్లి అంటారే, అది నేనే. కిందకు చూస్తే భయం. అయినా ఒక నిమిషం అలాగే కూర్చున్నాను, భయంవల్ల కాదు. నా బుర్రలో స్నానాలగది తిరుగుతోంది. ఆవేళ నేను ఆవిణ్ణి చంకల కింద పట్టుకుని పైకి లాగాను. చేతులు పట్టి లాగాను. ఆవిడ కాలికింద ఏమీ పెట్టలేదు.

మొత్తం పందెం ఒక గంటా యాభై రెండు నిమిషాల్లో పూర్తిచేశాను. మెళ్ళో ఒక పతకం వేశారు. పూర్తిచేసిన ప్రతివాళ్ళకూ వేస్తారు, అయినా వేసుకునే ఇంటికొచ్చాను.

తరవాతి వారం పక్క వాటాలో ఒక పెద్దాయనకు వ్యాయామం చేయించడానికి వచ్చే ఫిజియోథెరపిస్టు అమ్మాయిని మా ఇంటికి పిలిచి అడిగాను. ఆమె చెప్పిన మొదటి మాట, "పడినవాళ్ళను ఒక్కళ్ళూ ఎత్తకూడదమ్మా. మీ నడుమూ పోతుంది, వాళ్ళ భుజమూ పోతుంది." తలకు దెబ్బ తగిలినా, తుంటి నొప్పి అన్నా, కాలు కదపలేకపోయినా అసలు కదల్చకుండా దుప్పటి కప్పి 108కి ఫోను చేయాలి. దెబ్బేం లేదని తేలితే తొందరపెట్టకుండా కాసేపు అలాగే ఉండనివ్వాలి. తరవాత పక్కకు ఒత్తిగిల్లమనాలి. మోచెయ్యి ఆనించి, చేతులూ మోకాళ్ళ మీదకు రావాలి. అప్పుడు వాళ్ళ ముందు ఒక గట్టి కుర్చీ పెట్టాలి. రెండు చేతులూ దానిమీద ఆనించి, బలమున్న కాలు ముందుకేసి పాదం నేలకానించి, లేస్తుంటే వెనకనుంచి ఇంకో కుర్చీ జరిపి కూర్చోబెట్టాలి. మనం చేసేది కుర్చీలు జరపడం, చెయ్యి ఆసరాకు వేయడం, అంతే.

ఇది చెబుతున్నంతసేపూ అత్తగారు నాకేం పట్టనట్టు వత్తులు చేసుకుంటూనే ఉన్నారు. ఆ అమ్మాయి, "ఏదీ బామ్మగారూ, ఒకసారి చేద్దామా?" అంటే, "నాకెందుకే ఈ వయసులో" అన్నారు. మర్నాడు మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, ఆవిడే చాప తెచ్చి హాల్లో పరిచారు.

"ఊఁ, ఆ కుర్చీ తే" అన్నారు.

మొదటిరోజు చేతులూ మోకాళ్ళమీద ఉండగా ఆయాసం వచ్చి ఆగిపోయారు. ఆగి, చిన్నపిల్లలు గుర్రం ఆట ఆడేటప్పటిలా ఉన్నానని నవ్వడం మొదలుపెట్టారు. నేనూ నవ్వాను. నవ్వితే అసలే లేవలేరు. ఆరు నిమిషాలు పట్టింది. కుర్చీలో కూర్చున్నాక చెమట తుడుచుకుని, "లెక్కపెట్టావా?" అన్నారు. పదిరోజులకు మూడు నిమిషాలయింది. నేను గట్టు దగ్గర దండీలు తీయడం, ఆవిడ చాపమీదనుంచి లేవడం, రోజూ మధ్యాహ్నం మా ఇద్దరి కార్యక్రమం ఇదే. ఆవిడ నాకు లెక్కపెడతారు, నేను ఆవిడకు. స్నానాలగదిలో గోడకు రెండు పట్టుకడ్డీలు కూడా వేయించాం. వాటిని వేలాడి పరీక్షించింది నేనే.

పతకం ఇప్పుడు దేవుడి మందిరం మేకుకు వేలాడుతోంది. ఎవరైనా వస్తే అత్తగారు దాన్ని చూపించి, "మా కోడలు గోడ దూకింది" అని చెబుతున్నారు. వచ్చినవాళ్ళు ఉలిక్కిపడి నావంక చూస్తారు. ఆ తరవాతి వివరం మాత్రం ఆవిడ వెంటనే చెప్పరు. కాఫీ వచ్చేదాకా ఆగుతారు. తనూ ఒక గ్లాసు పుచ్చుకుంటారు.

రాత్రి మరచెంబులో నీళ్ళు పోసి ఆవిడ తలదగ్గర పెడుతున్నాను, ఎప్పట్లాగే. పొద్దున్న తీసేటప్పుడు చేతికి తేలిగ్గా ఉంటోంది.